స్కూల్ లైబ్రేరియన్ల సమావేశంలో ఏం ఆడించాలి, ఎలా ఆడించాలి: ఒక రోజుకు సరిపడే పద్ధతి

"మా జిల్లాలో స్కూల్ లైబ్రేరియన్లందరినీ ఒకచోట కూర్చోబెడుతున్నాం. ఒక రోజు టైం ఉంది. ఉపన్యాసాలు కాకుండా ఏదైనా సరదాగా చేయించాలి, ఏం చేయమంటారు?"

జూలై వచ్చిందంటే నన్ను ఈ ప్రశ్న అడిగేవాళ్లు పెరుగుతారు. ఆగస్టు 12న భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారి జయంతి పేరుతో లైబ్రేరియన్ల దినోత్సవం, నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. మన సమావేశాలు ఎక్కువగా ఈ రెండింటి చుట్టూనే జరుగుతాయి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. లెక్కల టీచరుకు సందేహం వస్తే స్టాఫ్ రూంలో ఇంకో లెక్కల టీచరు ఉంటారు. లైబ్రేరియన్ మాత్రం స్కూలు మొత్తానికి ఒక్కరే. చాలా చోట్ల ఆ ఒక్కరూ కూడా లైబ్రేరియన్ కాదు, తెలుగు టీచరో సోషల్ టీచరో తన పీరియడ్లతో పాటు బీరువా తాళాలు కూడా మోస్తుంటారు. చెదలు పట్టినా, స్టాక్ వెరిఫికేషన్‌లో (రిజిస్టరుతో పుస్తకాలు సరిచూసేటప్పుడు) పుస్తకాలు తగ్గినా అడగడానికి పక్కన మనిషి ఉండరు. కాబట్టి ఆ రోజుకు లక్ష్యం ఒకటే పెట్టుకోండి: సాయంత్రం బస్సెక్కేసరికి ప్రతి ఒక్కరి ఫోన్‌లో కనీసం ఒక కొత్త నంబరు ఉండాలి, ప్రతి ఒక్కరూ తమ చేతులతో ఒక కొత్త పని చేసి ఉండాలి. ఈ రెండింటికీ పనికిరాని ఆట ఎంత బాగున్నా వదిలేయండి.

కావలసినవి (40 మందికి)

- కుర్చీలు పక్కకు జరపడానికి వీలున్న హాలు. గ్యాలరీ మెట్ల హాలు వద్దు.
- పది బల్లలు, గోడకు అంటించడానికి చార్టులు, స్కెచ్ పెన్నులు.
- పోస్టుకార్డు సైజు అట్టముక్కలు 100.
- తంబోలా కార్డుల జిరాక్స్ కాపీలు 45.
- మరమ్మతు కోసం: మైదా, చిన్న గిన్నె, టీ వడపోత, సన్నని బ్రష్షులు 10, సన్నని తెల్ల టిష్యూ కాగితం, బటర్ పేపర్, బరువుకు పది ఇటుకలు (కాగితం చుట్టి).
- ఒక గంట లేదా ఈల. గొంతుతో 40 మందిని ఆపలేరు.
- బహుమతులకు పిల్లల పుస్తకాలు నాలుగైదు. షీల్డులు, శాలువాలు కొనే డబ్బుంటే అవీ పుస్తకాలకే పెట్టండి.

1. పది రోజుల ముందే కబురు పంపండి

ఆహ్వానంలో తేదీ, వేదికతో పాటు "ఈ మూడూ వెంట తెచ్చుకోండి" అని స్పష్టంగా రాయండి. ఒకటి, మీ స్కూల్లో పిల్లలు పోటీపడి తీసుకెళ్లే పుస్తకం. రెండు, పేజీ చిరిగిన పుస్తకం (అరుదైనది వద్దు, మామూలు కథల పుస్తకం చాలు). మూడు, మీ లైబ్రరీలో మీరు తయారు చేసుకున్న వస్తువు ఏదైనా: చార్టు, కార్డు, రిజిస్టర్ నమూనా, ఫోటో అయినా సరే.

ఎంత చెప్పినా పది మంది ఖాళీ చేతులతో వస్తారు. వాళ్లను అందరి ముందు అడగకండి. జిల్లా గ్రంథాలయం నుంచో మీ స్కూలు నుంచో ఇరవై పుస్తకాలు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, "ఒకటి తీసుకుని లోపలికి వెళ్లండి" అనండి.

2. పరిచయాలు మైకులో వద్దు, తంబోలాతో చేయించండి

నేను మొదట నిర్వహించిన సమావేశంలో ఒక్కొక్కరినీ లేపి పరిచయం చేసుకోమన్నాను. 52 మంది, మనిషికి రెండు నిమిషాలు. గంటా నలభై నిమిషాలు దాటింది. చివర్లో "మీ పక్కన కూర్చున్నవారి స్కూలు పేరు చెప్పండి" అంటే సగం మంది చెప్పలేకపోయారు. అప్పటినుంచి ఆ పద్ధతి మానేశాను.

తంబోలా ఆడనివాళ్లు మనలో తక్కువే, నియమాలు ఎక్కువసేపు చెప్పనక్కర్లేదు. కార్డులో అంకెల బదులు తొమ్మిది గళ్లలో తొమ్మిది వాక్యాలు ఉంటాయి. నేను వాడేవి ఇవి:

- చెదలు పట్టిన బీరువాను ఖాళీ చేసినవారు
- స్టాక్ వెరిఫికేషన్ ఒంటరిగా పూర్తి చేసినవారు
- ఇష్యూ రిజిస్టర్ పిల్లలతోనే రాయిస్తున్నవారు
- లైబ్రరీకి విడిగా గది లేనివారు
- పోయిన పుస్తకానికి సొంత డబ్బు కట్టినవారు
- ఊళ్లోవాళ్లను అడిగి పుస్తకాలు తెచ్చినవారు
- తెలుగు, ఇంగ్లిష్, హిందీ కాక మరో భాష పుస్తకాలున్నవారు
- చిన్న తరగతులకు కథ చదివి వినిపించేవారు
- ఈ నెలలో తన కోసం ఒక పుస్తకం చదివినవారు

సరిహద్దు జిల్లాలైతే ఏడో గడిలో భాష పేరే పెట్టండి. శ్రీకాకుళం వైపు ఒడియా, అనంతపురం వైపు కన్నడ, హైదరాబాద్‌లో ఉర్దూ. గడి త్వరగా నిండుతుంది, మాటలూ బాగా నడుస్తాయి.

లేచి తిరుగుతూ ఒక్కో గడికి ఒక్కో మనిషిని వెతకాలి. ఒకే పేరు రెండు గళ్లలో రాయకూడదు. పేరు, ఊరు రాసి, "ఎలా చేశారు?" అని అడిగి వచ్చిన జవాబులో ఒక్క ముక్క పక్కన రాసుకోవాలి. ఆ ముక్క లేకపోతే గడి చెల్లదు. 20 నిమిషాలు చాలు. జల్దీ ఫైవ్ (ముందుగా అయిదు గళ్లు), పై వరుస, ఫుల్ హౌసీ (అన్ని గళ్లూ) అని మూడు బహుమతులు.

ఎక్కువగా జరిగే పొరపాటు: కార్డును చేతుల్లో మార్చుకుని "మీకేది సరిపోతే అది రాయండి" అనేయడం. అప్పుడు మాటలుండవు, సంతకాలే ఉంటాయి. మొదలుపెట్టే ముందే "కార్డు ఎవరి చేతికీ ఇవ్వకూడదు, నోటితో అడగాలి" అని రెండుసార్లు చెప్పండి. రెండో పొరపాటు గళ్లలో రాసే మాటల్లో ఉంటుంది. "కంప్యూటర్ రానివారు", "లైబ్రరీ తెరవనివారు" లాంటివి పెడితే మనుషులు ముడుచుకుపోతారు. గది లేకపోవడం స్కూలు పరిస్థితి, అది చెప్పుకోవడానికి ఎవరూ ఇబ్బంది పడరు. చేతకానితనంలా వినపడేదేదీ కార్డులో ఉండకూడదు.

సరిగ్గా ఆడారో లేదో చూడాలంటే, గెలిచినవారి కార్డులోంచి ఒక పేరు చదివి "వీరి గురించి ఒక్క విషయం చెప్పండి" అనండి. చెప్పలేకపోతే బహుమతి తర్వాతివారికి.

3. మనుషులే పుస్తకాలు: షెల్ఫ్ వరుస

ఇది భోజనం అయ్యాక పెట్టండి. రెండు గంటలకు ఉపన్యాసం పెడితే నిద్రే. నిలబడి తిరిగితే ఎవరికీ నిద్ర రాదు.

పదముగ్గురి చొప్పున మూడు జట్లు, మిగిలిన ఒకరు న్యాయనిర్ణేత. ప్రతి జట్టుకూ ఇవే పదమూడు అట్టముక్కలు, ఒక్కోదానిపై డ్యూయీ నంబరు (విషయాన్ని బట్టి పుస్తకాలకు ఇచ్చే వర్గీకరణ సంఖ్య), విషయం:

398.2 జానపద కథలు, 398.6 పొడుపు కథలు, 398.9 సామెతలు, 494.827 తెలుగు భాష, 510 గణితం, 523.4 గ్రహాలు, 597.96 పాములు, 598.864 కాకులు, 598.97 గుడ్లగూబలు, 641.5 వంటలు, 796.358 క్రికెట్, 894.827 తెలుగు సాహిత్యం, 954.84 ఆంధ్రప్రదేశ్ చరిత్ర.

కార్డులు కలిపి పంచండి. ఈల వేయగానే మాట్లాడకుండా, సైగలతోనే, షెల్ఫ్‌లో పుస్తకాలున్నట్టు ఎడమ నుంచి కుడికి వరుసగా నిలబడాలి. మొదట నిలబడిన జట్టు కాదు, తప్పు లేకుండా నిలబడిన జట్టు గెలుస్తుంది.

దాదాపు ప్రతిసారీ తప్పు కాకి, గుడ్లగూబల దగ్గరే వస్తుంది. వాటికి పాత వైరం కదా, షెల్ఫ్‌లోనూ తంటా తెస్తాయి. 864 పెద్దది, 97 చిన్నది అనుకుని గుడ్లగూబను ముందు నిలబెడతారు. దశాంశ బిందువు తర్వాత అంకెల్ని మొత్తంగా చదవకూడదు, ఒక్కొక్కటిగా పోల్చాలి. మొదటి అంకెలు 8, 9. ఎనిమిదే ముందు, కాబట్టి కాకి ముందు. ఈ ఒక్క విషయం తెలియక ర్యాకుల్లో తప్పు చోట పెట్టిన పుస్తకాలు "పోయినవి" లెక్కలోకి వెళ్తుంటాయి. తప్పు దొరగ్గానే నవ్వి వదిలేయకండి. ఆ ఇద్దర్నీ ముందుకు పిలిచి, కార్డులు పైకెత్తించి, అందరి చేతా అంకెలు ఒక్కొక్కటిగా చదివించండి.

మీ దగ్గర వర్గీకరణే లేకుండా యాక్సెషన్ నంబరు (పుస్తకం లైబ్రరీకి వచ్చిన క్రమంలో రిజిస్టర్లో వేసే నంబరు) వరుసలో పెట్టే స్కూళ్లు ఎక్కువగా ఉంటే, డ్యూయీ బదులు రచయితల ఇంటిపేర్లు అక్షర క్రమంలో పెట్టించండి. క, కా, కి నుంచి కౌ దాకా సాఫీగానే సాగుతుంది. సున్న (ం), క్ష, ఒత్తులు వచ్చేసరికి వాదన మొదలవుతుంది. సున్న స్థానం అన్ని నిఘంటువుల్లో ఒకేలా ఉండదు, అందుకే ఆ వాదన తెగదు. ఎవరి లైబ్రరీలో వారు ఒక పద్ధతి ఎంచుకుని, అది కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించుకుంటే చాలని చెప్పి ముందుకు వెళ్లండి.

ఇదే వరుసలో రెండో రౌండు కూడా ఆడించవచ్చు. ఈసారి కార్డుల ముందు వైపు సంఘటన, వెనక వైపు సంవత్సరం. జట్టుకు ఏడుగురు నిలబడతారు, మిగతావాళ్లు సలహా చెబుతారు:

- హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం (1901)
- బెజవాడలో రామమోహన గ్రంథాలయం (1911)
- బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం (1914)
- వేటపాలెంలో సారస్వత నికేతనం (1918)
- రంగనాథన్ అయిదు గ్రంథాలయ సూత్రాలు (1931)
- కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం (1935)
- ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం (1960)

1914 కార్డు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఊరూరా గ్రంథాలయాలు నడిపేవాళ్లంతా బెజవాడలో కలిసి కూర్చోబట్టే ఆ సంఘం ఏర్పడింది. పడవల మీద పుస్తకాలు పంపినవాళ్లకూ ఒకరి అనుభవం ఒకరికి అందింది. మీ హాల్లో ఇప్పుడు జరుగుతున్నదీ అదే పని. అంతకు మించి చరిత్ర చెప్పకండి, ఆట చల్లబడుతుంది.

4. పుస్తకాల ఆసుపత్రి

రోజంతటిలో ఇళ్లకు వెళ్లాక కూడా పనికొచ్చేది ఇదే. గంట కేటాయించండి. నలుగురికి ఒక బల్ల. చిరిగిన పుస్తకం మీద నలుగురూ వంగి ఉన్నప్పుడు వచ్చే మాటలు పరిచయ కార్యక్రమంలో ఎప్పటికీ రావు.

జిగురు ఉదయమే కాచి పెట్టుకోండి. మైదా ఒక వంతు, నీళ్లు అయిదు వంతులు. ఉండలు లేకుండా చల్లనీళ్లలోనే కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉడికించాలి. తెల్లదనం తగ్గి నిగనిగలాడుతూ చిక్కబడితే దించి, చల్లార్చి, వడపోతలో వడగట్టండి. ఏ రోజుది ఆ రోజే. మర్నాటికి పులుస్తుంది.

చేయించే తీరు:

క. పేజీ కింద బటర్ పేపర్ పెట్టండి. చిరుగు అంచులు మొదట ఉన్నట్టే కలిసేలా సర్దండి. తొందరపడేది ఇక్కడే.

ఖ. టిష్యూ కాగితాన్ని చిరుగు కన్నా కాస్త పొడవుగా, అర అంగుళం వెడల్పుతో చేత్తో చింపండి. కత్తెర వద్దు. చింపితే అంచుల్లో పీచు లేస్తుంది, అదే పేజీకి పట్టుకుంటుంది.

గ. టిష్యూకు జిగురు పలచగా రాసి, చిరుగు మీద పరిచి, పొడి గుడ్డతో అద్దండి. రుద్దితే చిరుగు ఇంకా పెద్దదవుతుంది.

ఘ. పైన ఇంకో బటర్ పేపర్ వేసి, పుస్తకం మూసి, ఇటుక పెట్టండి. సాయంత్రం దాకా కదపకూడదు. ఇంటికి వెళ్లాక రాత్రంతా బరువు కింద ఉంచితే ఇంకా మంచిది.

హెచ్చరికలు: సెల్లో టేపు వద్దని గట్టిగా చెప్పండి. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, దాని జిడ్డు పసుపు మరకై పేజీలో ఉండిపోతుంది. హాల్లో ఒక పాత పుస్తకం తెరిచి ఆ మరక చూపించండి, ఇంక వాదన ఉండదు. నిగనిగలాడే ఆర్ట్ పేపర్ పుస్తకాల మీద ఈ పద్ధతి వాడకండి, తడి తగిలితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రంగు టిష్యూ వాడితే రంగు దిగుతుంది. జిగురు ఎక్కువ రాయకండి. పేజీ ముడతలు పడడమే కాదు, మైదా పురుగులకు తిండి కూడా. తాళపత్రాలు, పాత అరుదైన పుస్తకాలు ఈ బల్ల మీదకు రానివ్వకండి. అవి నిపుణుల పని.

పని కుదిరిందని ఎలా తెలుస్తుంది? ఆరాక పేజీని మెల్లగా వంచండి. చిరుగు దగ్గర పెళుసుగా ఆగకుండా మిగతా పేజీలాగే వంగాలి. టిష్యూ వెనక అక్షరాలు చదవగలగాలి. మూల దగ్గర గోరుతో మీటితే లేవకూడదు.

5. పిల్లాడొచ్చి అడిగాడు

ముగ్గురేసి కూర్చుంటారు. ఒకరు పిల్ల లేదా పిల్లాడు, ఒకరు లైబ్రేరియన్, ఒకరు చూసేవారు. చీటీ తీసి అందులో ఉన్నది నటించాలి. నేను రాసే చీటీల్లో కొన్ని:

"మేడమ్, నీలం రంగు అట్ట పుస్తకం కావాలి, పేరు గుర్తులేదు." "సార్, దెయ్యాల పుస్తకం ఉందా?" ఏడో తరగతిలో ఉండి కూడా చిన్న వాక్యాలే చదవగలిగే అబ్బాయి, తోటివాళ్ల ముందు లావుపాటి పుస్తకమే అడుగుతాడు. తీసుకెళ్లిన పుస్తకాన్ని రోజూ చదవకుండానే తెచ్చిచ్చే అమ్మాయి.

నియమం ఒక్కటే. ఏ పుస్తకం పేరూ చెప్పకముందు లైబ్రేరియన్ కనీసం మూడు ప్రశ్నలు అడగాలి. చూసేవారు వేళ్ల మీద లెక్కపెడతారు. అయిదు నిమిషాలకోసారి పాత్రలు మారాలి.

మనందరం చేసే తప్పు ఇందులో బయటపడుతుంది: అడగ్గానే "అవన్నీ ఎందుకు, ఇది చదువు" అనడం. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అన్నది రంగనాథన్ గారి రెండో సూత్రం. ఆ "తన" ఎవరో అడగకుండా మనకు తెలియదు. ఏడో తరగతి అబ్బాయి చీటీ మీద మాత్రం ఎక్కువసేపు మాట్లాడించండి. "మీ తమ్ముడికి చదివి వినిపించడానికి ఇది తీసుకెళ్తావా?" అని చిన్న వాక్యాల పుస్తకం చేతిలో పెట్టిన టీచరుగారిని నేను చూశాను. పిల్లాడి మర్యాద నిలిచింది, చదవడమూ మొదలైంది.

6. పుస్తకాల రుచి, సంత

ఇవి రెండూ తేలిక. రుచికి: ప్రతివారూ తెచ్చిన "పోటీపడి తీసుకెళ్లే" పుస్తకాల్ని బల్లల మీద పరచండి. మూడు నిమిషాలు ఒక పుస్తకం, గంట కొట్టగానే తర్వాతి బల్ల. నచ్చినవాటి పేరు, ప్రచురణకర్త, ధర రాసుకుంటారు. వచ్చే ఏడాది కొనే జాబితా అక్కడే తయారవుతుంది. పుస్తకాలు తక్కువైతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ తెరిపించండి. తెలుగు కథలు ఉచితంగా, స్థాయిల వారీగా ఉంటాయి, ప్రింటు తీసుకోవడానికీ అనుమతి ఉంది. హాల్లో సిగ్నల్ ఉండకపోవచ్చు కాబట్టి నాలుగు కథలు ముందురోజే ప్రింటు తీసి ఉంచండి.

సంతకు: తయారు చేసి తెచ్చిన వస్తువులతో పది మంది బల్లల దగ్గర కూర్చుంటారు, మిగతావాళ్లు తిరుగుతారు, పావుగంటకు మారతారు. ఫోటోలు తీసుకోవడం ఒక్కటే సరిపోదు. "దీనికి ఎంత ఖర్చయింది, ఎన్నిరోజులు నిలిచింది?" అని అడగమనండి. అందంగా ఉండి వారంలో చిరిగిపోయే చార్టులేవో, ఏడాదంతా నిలిచేవేవో ఈ ప్రశ్నతోనే తేలుతుంది.

ఒకవేళ మీకు సగం రోజే దొరికితే తంబోలా, ఆసుపత్రి, చీటీల ఆట ఉంచి మిగతావి తీసేయండి.

7. వెళ్లేముందు జత కట్టించండి

వాట్సాప్ గ్రూపు పెట్టేసి పని అయిందనుకోవడం చివరి పొరపాటు. పది రోజుల్లో అది గుడ్ మార్నింగ్ బొమ్మలతో నిండిపోతుంది, నిజమైన ప్రశ్న అడగడానికి మనుషులు మొహమాటపడతారు. గ్రూపు ఉండనివ్వండి, దానితో పాటు ఇద్దరిద్దర్ని జత చేయండి. ఒకే మండలం వాళ్లను జత చేయకండి, వాళ్లకు పరిచయం ముందే ఉంటుంది. తంబోలా కార్డు తీయించి, "ఈ తొమ్మిది మందిలో ఎవరి జవాబు మీకు అవసరం?" అని అడగండి. గది లేనివారు, గది లేకుండానే బాగా నడుపుతున్నవారిని ఎంచుకుంటారు. జత దానంతటదే కుదురుతుంది.

ఇద్దరూ నంబర్లు మార్చుకుని, అక్కడే ఒకరికొకరు మిస్డ్ కాల్ ఇచ్చుకోవాలి. కాగితం మీద రాసుకున్న నంబర్లు ఇంటికి చేరవు. తర్వాత ఒక్కొక్కరూ ఒక చీటీలో రెండు వాక్యాలు రాసి మీకివ్వాలి: "వచ్చే నెలలోగా నా లైబ్రరీలో చేసే ఒక పని", "నేను ఫోన్ చేసేవారి పేరు".

ఆ చీటీలు జాగ్రత్తగా దాచండి. మూడు వారాల తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: మీ జతవారితో మాట్లాడారా, మరమ్మతు చేసిన పుస్తకం మళ్లీ పిల్లల చేతిలోకి వెళ్లిందా? 40 మందికి మీరొక్కరే చేయలేకపోతే నలుగురు పంచుకోండి. "లేదు" అన్నవారిని నిలదీయకండి, ఎందుకు కుదరలేదో అడిగి రాసుకోండి. మైదా కాచడానికి స్కూల్లో వీలు లేదన్నవారు ఎక్కువైతే వచ్చేసారి జిగురు సీసాల్లో పోసి ఇచ్చి పంపండి. జతవారు ఫోన్ ఎత్తలేదంటే అప్పుడే ఇంకొకరి నంబరు ఇవ్వండి.